వంకర ఉండలు

ల్యాబులో సీసాలు కడిగే బాబాయిని సింకు దగ్గర్నుంచి తప్పించి, స్టోరు గదిలో అట్టపెట్టెలు లెక్కపెట్టే పనికి పంపేసిన రోజున అక్క నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరం కూడా ఆమెకు కనిపించలేదు. నోటుపుస్తకంలో ఆ ముక్క రాసింది తనే మరి. "పన్నెండో నమూనా. సగానికి సగం ఉండలు వంకరపోయాయి. సీసాల్లో సబ్బు మిగిలిందేమో అని అనుమానం." అనుమానం అనే రాసింది, నిజమని రాయలేదు. కానీ కింద అనుమానంగా మొదలైన మాట మెట్లెక్కి పై అంతస్తుకి చేరేసరికి నేరమైపోతుంది. ఏ ఆఫీసులోనైనా అంతే.

బాబాయికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని సీసాలు కడగడం. ఒక్కో సీసాని కుళాయి నీళ్ళతో ఏడుసార్లు, శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు తొలుస్తాడు, పైకి లెక్కపెడుతూ. మధ్యలో ఎవరైనా పలకరిస్తే "పోయింది లెక్క" అని విసుక్కుని మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతాడు. అలాంటి మనిషిని పట్టుకుని సబ్బు సరిగ్గా వదిలించలేదంటే ఆయన వాదించలేదు. రబ్బరు చేతితొడుగులు ఉతికి, సింకు గట్టు మీద బోర్లించి, స్టోరు గదికి వెళ్ళిపోయాడు. ఆ తొడుగులు పదకొండు రోజులుగా అక్కడే ఉన్నాయి. అక్క వాటిని చూడకుండా చేతులు కడుక్కోవడం అలవాటు చేసుకుంది.

ఆ ల్యాబు పెద్దాసుపత్రి వెనకవైపు మూడో అంతస్తులో ఉంది. అక్కడ పెంచేది క్యాన్సరుని. క్లోమంలో పుట్టే క్యాన్సరు, పొట్ట వెనకాల నక్కి కూర్చుని తెలిసేసరికే ఆలస్యం చేసే రకం. ఆపరేషన్లో తీసిన కంతిలోంచి చిక్కుడు గింజంత ముక్క తెచ్చి, సన్నగా తరిగి, జిగురులో నాటి, పోషకద్రవం పోసి, ఒంటి వేడికి సమానమైన వెచ్చదనంలో ఉంచితే రెండు వారాలకు ఆవగింజలో పదోవంతు ఉండే ఉండలు తయారవుతాయి. పళ్ళెంలో బల్లపరుపుగా పెంచిన కణాలు మందు పడగానే చచ్చి మనల్ని ఊరిస్తాయి. తీరా అదే మందు మనిషికి ఇస్తే కంతి చెక్కుచెదరదు. ఉండలుగా పెరిగినవి అలా కాదు, ఒంట్లో ఎలా మొండికేస్తాయో ఇక్కడా అలాగే మొండికేస్తాయి. అందుకని మందుల్ని ముందు ఉండల మీద వేసి చూసి, పనిచేసినదాన్నే రోగికి ఇప్పించాలని ల్యాబు పెద్ద సంకల్పం. ఇప్పటిదాకా పదకొండు నమూనాలు పరిశోధన కోసమే పెంచారు. పన్నెండోది మాత్రం నిజంగా ఒక డాక్టరు చేతికి వెళ్ళబోయే మొదటి రిపోర్టు.

ఉండలు పెంచేది అక్క. ల్యాబులో అందరూ, బాబాయిని బాబాయి అన్నట్టే, ఆమెను అక్క అనే అంటారు, ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా. ఆ జిగురు మహా పెంకిది. చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళలా జారుతుంది, కాస్త వెచ్చదనం తగిలితే చాలు గడ్డకట్టుకుపోతుంది. ద్రవం పీల్చి వదిలే పిపెట్ మొనల్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టి తియ్యాలి. బుడగ రాకూడదు, చెయ్యి వణకకూడదు, ఊపిరి కూడా చూసి వదలాలి. వేరేవాళ్ళు పెంచితే పదింట్లో నాలుగు బతికేవి, అక్క పెంచితే తొమ్మిది. "అక్కది హస్తవాసి" అనేవాళ్ళు. పైకి "ఊరుకోండి" అనేది గానీ, ఆ మాట విన్నరోజు ఆమె బస్సులో నిలబడి వెళ్ళినా కాళ్ళు నొప్పెట్టేవి కావు.

*

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు పెద్ద మెట్లు దిగుతూనే కేకేసింది.

"అక్కా! ఎనభై తొమ్మిది!"

ల్యాబు పెద్దకు ఇంకా నలభై నిండలేదు. తెలివైన మనిషి, గుణం కూడా మంచిదే, తొందర మాత్రం చాలా ఎక్కువ. అక్క ఆమెను మేడమ్ అంటుంది, ఆమె అక్కను మీరు అంటుంది.

"ఏంటి మేడమ్ ఎనభై తొమ్మిది?"

"మొదటి మందుకి నూటికి ఎనభై తొమ్మిది ఉండలు పోయాయి. మూడు రోజుల్లో! నాలుగు మందుల్లోకీ అదే మేలు. సోమవారం పదింటికి రిపోర్టు పంపేస్తాను. మధ్యాహ్నమే డాక్టరుగారు ఆయనకు ఆ మందు ఎక్కించడం మొదలుపెడతారు." కాగితం అక్క ముందు పెట్టి, "మీ చెయ్యి చల్లగా ఉండాలి అక్కా" అంది.

అక్క ముఖం విప్పారింది. సంతోషం వేసిందంటే వెయ్యదా మరి. నెలన్నర పాటు రోజు విడిచి రోజు ద్రవం మార్చిన మనిషి.

ఆ 'ఆయన' ఎవరో అక్కకు తెలియకూడదు. రూలు ప్రకారం నమూనాకి అంకె ఉంటుంది గానీ ముఖం ఉండదు. కానీ ల్యాబుకీ ఆసుపత్రికీ మధ్య వరండాలో ఒక బెంచీ ఉంది, ఆ బెంచీ మీద ఒకావిడ కూర్చుంటుంది. ఆపరేషన్ రోజున అక్క మంచుపెట్టె పట్టుకుని బయటికి వస్తుంటే ఆ పెట్టెకేసి చూసి, "మా ఆయనదేనా అమ్మా?" అని అడిగిందావిడ. భర్త తాళాలు బాగుచేస్తాడట. అప్పటినుంచి అక్క ఎప్పుడు అటు వెళ్ళినా పలకరిస్తుంది. ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ భర్త ప్యాంట్లో చొక్కాలో ఉంటాయి. మనిషి చిక్కిపోతున్న కొద్దీ ఆవిడ వాటి కుట్లు విప్పి లోపలికి బిగిస్తుంటుంది.

ఆ సాయంత్రం కూడా అడిగింది.

"లోపల మా ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

రూలు ప్రకారం అక్క నవ్వి ఊరుకోవాలి. కానీ ఎనభై తొమ్మిది ఇంకా చెవుల్లో మోగుతోంది.

"చక్కగా పెరిగాడు పిన్నిగారూ. ముత్యాల్లా ఉన్నాడు."

ఆవిడ సూది చొక్కాకి గుచ్చి, రెండు చేతులూ ఎత్తి అక్కకు దణ్ణం పెట్టింది. అక్క కంగారుపడి లోపలికి వచ్చేసింది.

*

వెళ్ళేముందు ఉండల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తుడవాలి. అది బాబాయి పని. ఆయన వెళ్ళాక ఎవరికివాళ్ళు పక్కవాళ్ళు తుడుస్తార్లే అనుకున్నారు, ఫలితంగా ఎవరూ తుడవలేదు. అక్క పై అర తుడిచింది, మధ్య అర తుడిచింది, కింది అర దగ్గర వంగింది.

కింది అరకి ల్యాబులో 'అయ్యో అర' అని పేరు. పారెయ్యాల్సిన పళ్ళేల మీద ఎర్ర ఇంటూ పెట్టి రెండు రోజులు అక్కడ ఉంచుతారు. ఎవరైనా "అయ్యో, అది కాదు పారెయ్యాల్సింది!" అంటారేమోనని. రెండు రోజులు గడిచాక బాబాయి వాటిని తీసుకెళ్ళి ఆవిరిలో ఉడికించి పారేస్తాడు. బాబాయి లేడు గనక అర నిండిపోయి ఉంది. అన్నిటికన్నా వెనక ఒక పళ్ళెం, దాని మూత మీద అక్క చేతిరాతే: 'పన్నెండు. వంకరవి.' పదకొండు రోజుల కిందటిది.

ప్రతి వారం ఉండల్ని విడదీసి కొత్త జిగురులోకి మార్చాలి. అలా మార్చేటప్పుడు అక్క మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ ఏరి, గుండ్రంగా, పల్చటి గోడతో, లోపల బోలుగా, నిగనిగలాడేవాటిని కొత్త పళ్ళెంలోకి తీసుకునేది. గట్టిగా, నల్లగా, బుడిపెలు బుడిపెలుగా ఉన్నవాటిని పాడైపోయినవని పక్కన పెట్టేది. అంతకుముందు పదకొండు నమూనాల్లోనూ వంకరవి అక్కడక్కడ కనిపించేవి. ఈసారి సగం అవే. అందుకే ద్రవం పోసే సీసాల్లో సబ్బు మిగిలిందేమోనని అనుమానం వచ్చింది.

పారెయ్యబోతూ ఎందుకో పళ్ళేన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. అలవాటు, అంతే. పదకొండు రోజులుగా ద్రవం మార్చలేదు, లేతగులాబీ రంగులో ఉండాల్సింది పసుపుపచ్చగా పులిసిపోయింది. అందులో ఏదీ బతికి ఉండకూడదు.

ఉన్నాయి. ఉండటమే కాదు, పెరిగాయి. బుడిపెల మీద బుడిపెలు లేచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, జిగురు అంచుదాకా పాకేశాయి. అక్క కన్ను తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తన ముత్యాలకు మూడోరోజు ద్రవం మార్చకపోతే వాడిపోతాయి. ఇవి తిండీ తిప్పలూ లేకుండా పదకొండు రోజులు ఎలా బతికాయి?

జవాబు ఆమెకు వెంటనే తెలిసిపోయింది. తెలియనట్టు ఇంకో నిమిషం మైక్రోస్కోపు మరను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

ఆపరేషన్లో తీసిన ముక్కలో కంతి ఒక్కటే ఉండదు, దాన్ని అంటుకుని ఉన్న మంచి క్లోమం కూడా కాస్త వస్తుంది. రెండూ ఉండలు కడతాయి. మంచివి గుండ్రంగా, ముద్దుగా కడతాయి. వాటిని ఏరి ఏరి, ఆరు వారాలు కంటికి రెప్పలా పెంచింది తను. అసలు జబ్బుని ఎర్ర ఇంటూ పెట్టి కింది అరలోకి తోసింది. మొదటి మందు చంపిన ఎనభై తొమ్మిదీ ఆయన ఒంట్లోని మంచి కణాలు. సోమవారం మధ్యాహ్నం ఆ మందే ఆయన నరంలోకి ఎక్కుతుంది. మంచిని చంపుతుంది, కంతి దాని మానాన అది ఉంటుంది.

ఇదంతా ఊహే కావచ్చు. తేల్చుకోడానికి ఒక పద్ధతి ఉంది. ద్రవంలో 'పెరుగు' అని కణానికి చెప్పే పదార్థం ఒకటి కలుపుతారు. అది కలపకుండా పోస్తే ఆరోగ్యంగా ఉన్న కణం ఆగిపోతుంది, పెరగమని ఎవరో ఒకరు చెబితేనే పెరిగే బుద్ధిమంతురాలది. క్యాన్సరు కణం ఒకరితో చెప్పించుకోదు. అక్క ఆ పదార్థం లేని ద్రవం కలిపి, ఒక వరసలో ముత్యాల్ని, ఇంకో వరసలో వంకరవాటిని పెట్టింది. మూడో వరసలో వంకరవాటి మీద మొదటి మందు పోసింది. రెండుసార్లు బుడగ వచ్చింది. ఆ చేతికి బుడగ రావడం అక్క ఎరగదు.

పైన మేడమ్ గదిలో ఇంకా దీపం వెలుగుతోంది. వెళ్ళి చెప్పొచ్చు. మెట్లదాకా వెళ్ళింది. సోమవారం తేలాక చెబుదాం, తేలకుండా చెప్పి ఏం లాభం, అనుకుని చెప్పులేసుకుంది. అది సగం నిజమే. మిగతా సగం భయం.

*

ఆదివారం మధ్యాహ్నం అక్క అత్తగారి జుట్టుకి చిక్కు తీస్తోంది. అత్తగారు ముప్పై నాలుగేళ్ళు బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఇంట్లో ఎవరి మాటనైనా తప్పులు దిద్దకుండా వదలదు. భర్త గట్టు మీద కూర్చుని వినపడనట్టు పేపరు చదువుకుంటున్నాడు.

"రెండు రోజులుగా చూస్తున్నాను. ఎవరి మీద కోపం నా జుట్టు మీద తీర్చుకుంటున్నావే?" అంది అత్తగారు.

అక్క దువ్వెన ఆపింది. "అత్తయ్యా, మీరెప్పుడైనా పరీక్ష పేపర్లు తప్పుగా దిద్దారా?"

అత్తగారు వెనక్కి తిరిగి కోడలి ముఖం చూసింది.

"దిద్దాను. ఒక పిల్లకి. చివరి పేజీ అతుక్కుపోయి ఉంటే చూసుకోలేదు. ఫెయిలయింది. మార్కులు బోర్డు మీద అంటించాక తెలిసింది నాకు."

"మరి?"

"మరేముంది. హెడ్మాస్టరు చండశాసనుడు. నాకేమో మంచి పేరు, నా దిద్దుబాటుకి తిరుగులేదని. రేపు చెబుదాం అనుకున్నాను." ఆవిడ ఒళ్ళో ఉన్న రిబ్బను చుట్ట చుట్టింది. "ఆ రేపటికి ముప్పయ్యేళ్ళు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు."

పేపరు వెనకాల భర్త దగ్గాడు. అక్క మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా.

"నువ్వేం తప్పు దిద్దావు?" అంది అత్తగారు.

"ఇంకా బోర్డు మీద అంటించలేదు అత్తయ్యా."

"అయితే నాకేం చెప్పకు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పు."

*

సోమవారం అక్క ఏడింటికే వచ్చింది. పళ్ళెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టడానికి ముందు, బాబాయి తొడుగుల పక్కనే చేతులు కడుక్కుంది. ఈసారి వాటిని చూసింది.

మొదటి వరసలో ముత్యాలు ముడుచుకుపోయాయి, గాలి తీసిన బుడగల్లా. రెండో వరసలో వంకరవి నిక్షేపంగా ఉన్నాయి. మూడో వరసలో మొదటి మందు మింగి కూడా వాటికి చీమ కుట్టినట్టయినా లేదు.

తొమ్మిదింటికి మేడమ్ వచ్చింది. సంచి భుజం మీదే ఉంది.

"మేడమ్, ఆ రిపోర్టు పంపకండి."

"ఏమైంది?"

"ముందు ఇది చూడండి."

మేడమ్ నిలబడే వంగి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చూసింది. సంచి భుజం మీంచి జారి నేల మీద పడినా తీసుకోలేదు. అక్క జరిగింది జరిగినట్టు చెప్పింది, గుండ్రటివి ఏరడం దగ్గర్నుంచి అయ్యో అర దాకా. తడబడకుండా చెప్పాననుకుంది గానీ, మధ్యలో ఒకచోట ఆగి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

"శుక్రవారమే చూశారా?"

"చూశాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

తేల్చుకుని చెబుదామని, అనబోయింది అక్క. అనలేదు. "భయమేసింది మేడమ్. హస్తవాసి అంటారు కదా అందరూ. ఆ పేరు పోతుందని."

మేడమ్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి ఆసుపత్రి వరండా కనిపిస్తోంది, అటే చూస్తూ అడిగింది.

"అంతకుముందు పదకొండూ?"

"వాటిల్లోనూ గుండ్రటివే ఏరాను మేడమ్. మొదట్లోనే, ఏరకముందు, గడ్డకట్టించి దాచిన గొట్టాలున్నాయి. అన్నీ తీసి మళ్ళీ చూడాలి."

"రెండేళ్ళ పని అక్కా."

"అవును మేడమ్."

ఇంకెవరైనా అయితే అరిచేవారు. మేడమ్ అరవలేదు. అరిచి ఉంటే అక్కకి కాస్త తేలికగా ఉండేది. చివరికి ఆమె నవ్వింది, ఏడుపుకి పక్కింట్లో ఉండే నవ్వు.

"మీది నిజంగా హస్తవాసే. జబ్బుని పెంచమంటే ఆరోగ్యాన్ని పెంచారు." కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను తీసింది. "వాటి బొమ్మలు రోజూ నేనూ చూశాను కదా. ముద్దుగా ఉన్నాయి, నాకూ అనుమానం రాలేదు." అవతల ఎవరో ఎత్తారు. "డాక్టరుగారూ, నేను. ఇవాళ ఆ మందు మొదలుపెట్టకండి. మేం పరీక్ష చేసినవి కంతివి కావు. కారణాలు రాసి పంపిస్తాను... కాదు, మా తప్పే."

మా తప్పే అన్న మాట విని అక్క అప్పుడు ఏడ్చింది.

తర్వాత నోటుపుస్తకం తెరిచి పాత పేజీ తీసింది. దాన్ని కొట్టెయ్యలేదు, కొట్టెయ్యడం రూలు కాదు. కిందనే కొత్త తేదీ వేసి రాసింది: "సబ్బు అనుమానం తప్పు. సీసాలు శుభ్రంగా ఉన్నాయి. వంకరవే అసలు ఉండలు. వాటిని ఏరి పక్కన పడేసింది నేను." సంతకం పెట్టి పుస్తకం మేడమ్ ముందుకి జరిపింది. మేడమ్ చదివి, తన సంతకం కూడా పెట్టి, "బాబాయిని రమ్మనండి" అంది.

*

స్టోరు గదిలో బాబాయి చేతితొడుగుల పెట్టెలు దొంతర పెడుతున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పింది. క్షమించమని కూడా అంది.

"నా సీసాలు బాగానే ఉన్నాయని నాకు తెలుసమ్మా" అన్నాడాయన. అందులో కోపమేమీ లేదు, అందుకే అక్కకి తలెత్తబుద్ధి కాలేదు. "అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు."

"నేను అడగాల్సింది బాబాయ్."

"సర్లే." ఆయన చివరి పెట్టె సర్దాడు. "అయితే ఆ పళ్ళెం పారెయ్యకుండా ఎలా మిగిలింది?"

"నువ్వు లేవు కదా."

బాబాయి ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వాడు. "ఇరవై ఆరేళ్ళు పని చేస్తే ఒక్కరూ మెచ్చుకోలేదు. రెండు వారాలు చెయ్యకపోతే పనికొచ్చిందన్నమాట!"

పది నిమిషాల తర్వాత సింకు దగ్గర తొడుగులు తొడుక్కుంటూ కనిపించాడు. అక్క ఏదో అనబోయింది. అప్పటికే ఆయన "ఒకటి" అనేశాడు. లెక్క తప్పుతుందని నోరు మూసుకుని వరండాలోకి వెళ్ళింది.

బెంచీ మీద ఆవిడ ఉంది. ఒళ్ళో చొక్కా ఉంది గానీ కుట్టడం లేదు.

"ఇవాళ మందు వెయ్యరట అమ్మా. డాక్టరుగారు ఇందాకే చెప్పారు. ఎందుకో అడిగే ధైర్యం చాల్లేదు."

ఎప్పుడూ నిలబడే జవాబు చెప్పే అక్క పక్కన కూర్చుంది.

"నా వల్ల పిన్నిగారూ. నేను పొరబడ్డాను. ముత్యాల్లా ఉన్నాడన్నాను చూడండి, అవి కంతివి కావు. ఆయన ఒంట్లోని మంచి కణాలు. పరీక్ష వాటి మీద చేశాం. అసలు జబ్బు వేరే పళ్ళెంలో ఉంది, ఇవాళే పట్టుకున్నాం. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. పదిరోజులైనా పడుతుంది."

ఆవిడ వింటూ చొక్కా మడత మీద వేలితో రాస్తూ ఉంది. తిడుతుందని అక్క ఎదురుచూసింది. తిట్టే హక్కు ఉంది, పది రోజులంటే ఆ జబ్బుకి తక్కువేం కాదు.

"అయితే," అంది ఆవిడ, "ఆయన ఒంట్లో మంచి కూడా ఉందన్నమాట. అంత చక్కగా పెరిగేంత."

అక్క ఆరు వారాలు వాటిని చూసింది, మూడు రోజులు వాటిని తిట్టుకుంది. వాటిని చూసి సంతోషించవచ్చునని ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఉంది పిన్నిగారూ. చాలా ఉంది."

ఆవిడ తల ఊపింది. సూదిలో దారం ఎక్కించబోయి, చూపు ఆనక, అక్కకి ఇచ్చింది. అక్క దారం కొస తడిచేసి ఒక్కసారికే ఎక్కించింది.

"మరి ఆ రెండోది, ఆ జబ్బుది, ఎలా ఉందమ్మా?"

"బాగాలేదు పిన్నిగారూ. వంకరగా, మొండిగా ఉంది."

"రేపు కూడా చెప్తావా?"

"చెప్తాను" అంది అక్క. "ఎలా ఉంటే అలా చెప్తాను."

ఆవిడ చొక్కా తిరగేసి, కిందటివారం బిగించిన కుట్టు దగ్గర వేలు పెట్టి చూసింది. కాసేపు ఆలోచించి, ఇవాళ్టికి దాన్ని అలాగే వదిలేసి, ఊడిపోయిన బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది.